మిరప మిల్లు గరాటు: కాగితం మీద అసలు సైజు గీత, రేకు మీద కోత

ఆగస్టు 3

గుంటూరు మిరప పొడి మిల్లు నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. వాళ్ల పాత సైక్లోన్ గరాటు అడుగున తుప్పు పట్టి చిల్లులు పడ్డాయి. కోల్డ్ స్టోరేజీ నుంచి తీసిన సరుకు రోజూ ఆడుతూనే ఉంది, పొడి సగం గాల్లోకే పోతోందట. ఇరవయ్యో తారీఖులోపు కొత్తది బిగించాలి. ఈసారి ఇనుము వద్దన్నారు, 304 స్టెయిన్‌లెస్, 18 గేజి, అంటే సుమారు 1.2 మి.మీ. రేకు.

సైక్లోన్ చూడని వాళ్ల కోసం రెండు మాటలు. పొడి కలిసిన గాలి పక్క నుంచి లోపలికి వచ్చి గోడ వెంట సుడి తిరుగుతుంది. పొడి గోడకు కొట్టుకుని, కింది గరాటులోకి జారి, అడుగున ఉన్న పెట్టెలో పడుతుంది. శుభ్రమైన గాలి మధ్య గొట్టంలోంచి పైకి పోతుంది. గరాటు సరిగ్గా గుండ్రంగా లేకపోయినా, అతుకు దగ్గర చిన్న మెట్టు మిగిలినా పొడి అక్కడే అంటుకుని గడ్డ కడుతుంది. మిరప పొడిలో నూనె ఉంటుంది కాబట్టి ఇంకా తొందరగా పేరుకుంటుంది.

మా రేకు పని షెడ్డులో ఇన్నాళ్లూ గరాటు అంటే మేస్త్రి బాబాయ్ పనే. నేల మీద సుద్దతో గీసి, అట్ట కత్తిరించి, దాన్ని రేకు మీద పెట్టి గీత గీస్తాడు. నాన్న ఈసారి ఆ పని నాకిచ్చారు. కంప్యూటర్లో గీసి, అసలు సైజులో ప్రింటు తీసి, అదే అట్టలా వాడదామన్నది నా ఆలోచన. లేజర్ కటింగ్‌కి పంపితే ఈ తలనొప్పి ఉండదు, నిజమే. కానీ మాకు కావాల్సింది ఒక్క గరాటు, ఒక్క పెట్టె. పైగా రేపు మిల్లులోనే ఏదైనా అతుకు వేయాల్సి వస్తే చేతిలో కాగితం ఉండటం నాకు ముఖ్యం.

ఆగస్టు 4

కొలతలు తీసుకున్నాను. గరాటు పై మూతి లోపలి వ్యాసం 400, కింది మూతి 150, నిలువు ఎత్తు 600. అన్నీ మి.మీ.లో.

లెక్క పెద్దదేం కాదు. పక్క వాలు పొడవు అంటే 600 వర్గం, 125 వర్గం కూడి వర్గమూలం తీస్తే 612.9. ఇక్కడ చాలామంది 400నే లెక్కలో వేసేస్తారు. రేకును చుట్టినప్పుడు లోపలి వైపు నొక్కుకుంటుంది, బయటి వైపు సాగుతుంది, పొడవు మారనిది మందం మధ్యలో ఉన్న పొర. అందుకని వ్యాసాన్ని 401.2గా, కింద 151.2గా తీసుకున్నాను. 400తో వేస్తే చుట్టుకొలతలో 3.8 మి.మీ. తగ్గేది.

విప్పి పరిస్తే విసనకర్ర ఆకారం వస్తుంది. బయటి చాపం వ్యాసార్ధం 983.5, లోపలి చాపం 370.7, కోణం 73.42 డిగ్రీలు. మొత్తం వెడల్పు 1176, ఎత్తు 686. నాలుగడుగుల రేకు అంటే 1220, అడ్డంగా పడుతుంది. అతుకు ఆర్గాన్ వెల్డింగ్, అంచుకు అంచు. కాబట్టి ఒకదాని మీద ఒకటి ఎక్కే భాగం అక్కర్లేదు.

చాపాల మధ్య పన్నెండు సమభాగాలు చేసి సన్నగా గీతలు గీశాను. ఇవి కోతకు కాదు, రోలింగ్ కోసం. గరాటును చుట్టేటప్పుడు ఏ క్షణాన రోలరు కింద ఏ గీత ఉందో ఆ గీత రోలరుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే మెలి తిరుగుతుంది. సుద్దతో గీసిన అట్టల మీద ఈ గీతలు మా దగ్గర ఎప్పుడూ ఉండేవి కావు. చుట్టాక సుత్తితో సరిచేసుకోవడమే.

సాయంత్రం బాబాయ్ వచ్చి తెర మీద చూశాడు.

"బాగానే ఉందమ్మాయ్. చివర అర అంగుళం వదిలావా?"

"ఎందుకు బాబాయ్? అతుకు మీద అతుకు లేదుగా."

"ఎందుకో తెలీదు. వదలకపోతే మూతి చాలదు. మా గురువు చెప్పాడు, నేను వదులుతాను."

నా లెక్కలో చాలకపోవడానికి కారణం కనపడలేదు. బాబాయ్ ఊరికే చెప్పే మనిషి కాదు. రాత్రంతా అదే తొలిచింది.

ఆగస్టు 5

ముందు ఇంట్లో ప్రింటరు మీద ప్రయత్నించాను. పీడీఎఫ్ రీడరులో పోస్టర్ అనే పద్ధతి ఉంది. పెద్ద బొమ్మను ముక్కలు చేసి, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేలా, కత్తిరించే గుర్తులతో ఇస్తుంది. ఏ4 కాగితాలు ఇరవై అయ్యాయి. అతికించి చూస్తే ప్రతి అతుకు దగ్గర అర మి.మీ. అటో ఇటో తేడా వస్తోంది. అడ్డంగా ఐదు కాగితాలంటే నాలుగు అతుకులు. తేడాలన్నీ ఒకే వైపు పడితే రెండు మి.మీ. పోతాయి. చిన్న మూతలకు, బ్రాకెట్లకు ఇది చక్కగా పనికొస్తుంది, మీటరు దాటిన చాపానికి మాత్రం నేను నమ్మను.

ఒక నియమం మాత్రం ఈ రోజే పెట్టుకున్నాను. ఏ బొమ్మ ప్రింటుకి వెళ్లినా దాని మీద రెండు కొలత గీతలుండాలి, అడ్డంగా 500, నిలువుగా 500. రెండూ ఉండాలి, ఒకటి సరిపోదు. ఎందుకో మర్నాడే తెలిసింది.

ఆగస్టు 6

విజయవాడ గవర్నర్‌పేటలో ప్లాన్లు ప్రింటు తీసే షాపుకి వెళ్లాను. 36 అంగుళాల రోలు, అంటే 914 మి.మీ. వెడల్పు. నా పేజీని 1250కి 860గా పెట్టి పీడీఎఫ్ చేసి తీసుకెళ్లాను.

షాపులో అబ్బాయి అలవాటు ప్రకారం ఏ0 ఎంచుకుని ఫిట్ నొక్కేశాడు. ఇళ్ల ప్లాన్లకు అదే సరిపోతుంది, అతని తప్పు ఏమీ లేదు. ప్రింటు చూడటానికి అచ్చం సరిగ్గానే ఉంది. స్టీలు స్కేలు పెడితే 500 గీత 475న్నర వచ్చింది. ఏ0 పొడవు 1189, నా పేజీ 1250. ఆ నిష్పత్తిలో కుదించేసింది. ఆ కాగితంతో కోస్తే 400 మూతి 380 అయ్యేది.

రెండోసారి ఫిట్ తీసేసి, యాక్చువల్ సైజ్ పెట్టి, రోలు మీద నా పేజీ కొలతలే ఇచ్చాం. ఈసారి అడ్డంగా సరిగ్గా 500. నిలువుగా, అంటే కాగితం నడిచే వైపు, 498న్నర.

ఇది అసలైన ప్రమాదం. ఇరవై ఐదు మి.మీ. తేడా కంటికి తెలుస్తుంది. ఒకటిన్నర తెలియదు. ప్రింటు తల అడ్డంగా పట్టాల మీద కదులుతుంది కాబట్టి ఆ వైపు నమ్మకంగానే ఉంటుంది. కాగితాన్ని ముందుకు లాగేది రోలరు. కాగితం రకం, మందం మారితే అది లాగే పొడవు రవ్వంత మారుతుంది. నా గరాటు 1176 ఆ వైపే పడుకుంది. లెక్క వేస్తే మూడున్నర మి.మీ. తక్కువ. ఒక్క అడ్డగీత మాత్రమే పెట్టి ఉంటే నేను సంతోషంగా ఇంటికొచ్చేసేదాన్ని.

షాపు అబ్బాయిని అడిగితే యంత్రంలోనే కాగితం నడకను సరిచేసే సెట్టింగు ఉందన్నాడు. ఓపిగ్గా రెండు పట్టీలు ప్రింటు తీసి, కొలిచి, సరిచేశాడు. మూడో ప్రింటులో నిలువు గీత 499.9. అంతకన్నా నా స్కేలుతో చదవలేను.

కొలిచే పద్ధతి కూడా చెప్పాలి. టేపు కొక్కెం కదులుతుంది, దాంతో కొలవకూడదు. మీటరు స్టీలు స్కేలుని 100 దగ్గర మొదలుపెట్టి 600 దగ్గర చదవాలి. స్కేలు చివర అరిగి ఉంటుంది. గీతలు 0.18 మి.మీ. మందంతో పెట్టాను. గీత లావుగా ఉంటే దాని ఏ అంచున కోయాలో ఒకరికొకరికి తేడా వస్తుంది.

ఆగస్టు 7

బాబాయ్ అర అంగుళం ఎందుకో దొరికింది!

పొద్దున్న బాబాయ్‌ని కూర్చోబెట్టి, ఆయన పద్ధతిలోనే 400 గరాటు నేల మీద గీయమన్నాను. ముందు 400 వలయం గీశాడు. దాన్ని పన్నెండు భాగాలు చేశాడు. ఒక భాగాన్ని కంపాసుతో పట్టుకుని, ఆ దూరాన్ని పెద్ద చాపం మీద పన్నెండు సార్లు నడిపించాడు. ఆ నడక చూస్తుంటేనే నాకు అర్థమైంది. కంపాసు పట్టుకునేది చాపాన్ని కాదు, రెండు చుక్కల మధ్య సూటి గీతని. 400 వలయంలో ఆ సూటి గీత 103.5. పన్నెండు కలిపితే 1242. అసలు చుట్టుకొలత 1256.6. తేడా 14 మి.మీ. పైనే.

అర అంగుళం అంటే 12.7.

తరతరాలుగా ఎవరూ లెక్క చెప్పకుండానే చేతి అనుభవం ఆ లోటును పట్టుకుంది. అది చూసి నాకు ఒళ్లు పులకరించింది. బాబాయ్‌కి కాగితం మీద గీసి చూపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"అయితే రెండడుగుల గరాటుకి అర అంగుళం చాలదన్నమాట" అన్నాడు.

చాలదు. వ్యాసం 600 అయితే లోటు 21న్నర. "చాలాసార్లు చూశాను. పెద్ద గరాటుకి ప్రతిసారీ పట్టీ అతికించాల్సి వచ్చేది. రేకు సాగలేదనుకునేవాణ్ని" అన్నాడు. నా ప్రింటులో చాపం చాపంగానే ఉంటుంది కాబట్టి ఏదీ వదలక్కర్లేదని అప్పుడు ఒప్పుకున్నాడు.

ఆగస్టు 9

రెండు రోజులు వాన. షెడ్డులో గోడకు ఆనించి ఉంచిన ప్రింటును మళ్లీ కొలిచాను. కాగితం నడిచిన వైపు 500.2, అడ్డంగా 501. కాగితం తేమ పీల్చి పెరిగింది. నారలు రోలు పొడవు వెంట ఉంటాయి, అందుకే వాటికి అడ్డంగా ఎక్కువ పెరుగుతుంది. ఆగస్టులో కృష్ణ పక్కన ఉన్న ఊళ్లో కాగితాన్ని తెరిచి వదిలేయడం నాదే పొరపాటు.

ఆరబెట్టి మళ్లీ 500కి తెచ్చుకోవచ్చేమో కానీ ఎందుకు? కొత్త ప్రింటు తీయించి, పీవీసీ గొట్టంలో పెట్టి, రెండు మూతలూ బిగించాను. కోసే రోజు పొద్దునే బయటికి తీయాలి, తీసిన వెంటనే 500 చూసుకోవాలి.

జిగురు గురించి కూడా ఈ రోజే తేల్చుకున్నాం. బాబాయ్ మైదా జిగురు కాద్దామన్నాడు, గోడ పోస్టర్లకు వాడినట్టు. పాత ప్రింటు ముక్క మీద రాసి చూశాం. తడికి అడ్డం వైపు గీత 504 దాటింది. నీళ్లున్న జిగురు ఏదైనా ఇంతే చేస్తుంది. చివరికి స్ప్రే జిగురు తెప్పించాం, అది కాగితాన్ని తడపదు.

ఆగస్టు 11

ఇక అడుగున పెట్టె. లోపల పొడి పడేది. 300 చదరం, 150 ఎత్తు, పైన నాలుగు వైపులా 15 మి.మీ. బయటికి మడత. మూత దాని మీద కూర్చోవాలి.

దీన్ని ఫ్రీక్యాడ్ అనే డిజైన్ సాఫ్టువేరులో చేశాను. షీట్‌మెటల్ వర్క్‌బెంచ్‌లో పెట్టెను గీసి విప్పమంటే ఫ్లాట్ ప్యాటర్న్ ఇస్తుంది. కానీ అది మడత దగ్గర ఎంత రేకు ఖర్చవుతుందో నన్నే అడుగుతుంది, కె ఫ్యాక్టర్ రూపంలో. అంటే పదునైన మడతలో పొడవు మారని పొర లోపలి ముఖం నుంచి మందంలో ఎన్నో వంతు దగ్గర ఉందో చెప్పే అంకె. పుస్తకాల్లో 0.44 అని ఉంటుంది. మా బెండింగ్ మెషినుకి, ఈ స్టెయిన్‌లెస్ రేకుకి అది నిజమో కాదో రేకే చెప్పాలి.

కాబట్టి సరిగ్గా 100 మి.మీ. పట్టీ కోసి, మధ్యలో 90 డిగ్రీలు వంచి, రెండు కాళ్లూ బయటి వైపు కొలిచాను. కూడితే 102.2. అంటే ఒక్కో మడతకు బయటి కొలతల మొత్తంలోంచి 2.2 తీసేయాలి. లోపలి వంపు వ్యాసార్ధం 1.2గా తీసుకుంటే కె విలువ 0.38 దగ్గర వచ్చింది. మూడు పట్టీలు చేశాను, మూడూ దాదాపు ఒకటే.

పెట్టెకు ఒక వైపు నుంచి మరో వైపుకు 15, 150, 300, 150, 15. మొత్తం 630. నాలుగు మడతలు, 8.8 తీసేస్తే 621.2.

సాఫ్టువేరు మాత్రం 619.8 చూపించింది. గంటసేపు తల పట్టుకున్నాను. కె ఫ్యాక్టర్‌కి రెండు పద్ధతులున్నాయి, అమెరికా వాళ్ల ఆన్సీ, జర్మనీ వాళ్ల డిన్. ఒకే మడతకు డిన్ విలువ ఆన్సీకి రెట్టింపు ఉంటుంది. నేను ఆన్సీ లెక్కలో 0.38 కట్టి, డిన్ అని ఉన్న చోట వేశాను. అది దాన్ని 0.19గా అర్థం చేసుకుంది. మార్చగానే 621.2 వచ్చింది. చేత్తో ఒకసారి లెక్క వేసుకోకుండా తెర మీద అంకెను నమ్మి ఉంటే మూత ఎక్కేది కాదు.

ఆగస్టు 12

పెట్టెకు ఒక పక్క గోడలో కిటికీ ఉంది, లోపల పొడి ఎంతవరకు వచ్చిందో చూడటానికి. మధ్యలో కాదు, ఎడమ వైపు. ప్రింటుకి ముందు బొమ్మను ఐదో వంతుకి తగ్గించి ఏ4 మీద తీసి, కత్తిరించి, మడిచాను. కిటికీ కుడి వైపు వచ్చింది.

రేకు మీద ప్లాస్టిక్ ఫిల్ము ఉన్న వైపు పెట్టెకు బయటి వైపు. కాగితం అతికేది ఆ ఫిల్ము మీదే. అంటే కాగితం మీద బయటి నుంచి చూసిన బొమ్మ ఉండాలి, గోడల మడతలన్నీ వెనక్కి పోవాలి. నేను లోపలి నుంచి చూసిన బొమ్మ పంపబోతున్నాను. అద్దంలో బొమ్మలా తిప్పేసి, పైన పెద్ద అక్షరాలతో "ఇది బయటి వైపు" అని రాశాను. మడత గీతలు చుక్కలుగా పెట్టి, ఒక్కోదాని పక్కన "వెనక్కి 90", చివరి 15 మడతల పక్కన "ముందుకు 90" అని తెలుగులోనే వేశాను. బెండింగ్ మెషిను దగ్గర కుర్రాళ్లు నన్ను పిలవకుండా చదువుకోవాలి.

ఫ్రీక్యాడ్‌లో ప్రింటు బొమ్మలు తయారుచేసే టెక్‌డ్రా పేజీలో బొమ్మ స్కేలు ఆటోమేటిక్‌లో ఉంటే పేజీకి పట్టేలా అదే మార్చేస్తుంది. కస్టమ్‌లో 1 అని చేత్తో కొట్టాలి. ఈ ఒక్క మాట కాగితం మీద రాసి కంప్యూటరు అంచున అంటించాను.

ఆగస్టు 14

కోత రోజు. పొద్దున్న గొట్టంలోంచి తీశాం. 500.0, 499.9. నా గుండె దడ కాస్త తగ్గింది.

ఫిల్ము మీద స్ప్రే కొట్టి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో రుద్దుతూ అతికించాం. చాపం వెంట ప్రతి 20 మి.మీ.కి బాబాయ్ సెంటర్ పంచ్‌తో తేలిగ్గా చుక్క పెట్టుకుంటూ వెళ్లాడు. ఆయన చెయ్యి చూస్తుంటే ముచ్చటేసింది. ఒక్క చుక్క కూడా గీత దాటలేదు. రోలింగ్ గీతలన్నిటికీ రెండు చివర్లా చుక్కలు పెట్టాడు. తర్వాత చాపాలు రేకును కొద్దికొద్దిగా కొరికే నిబ్లరుతో, సూటి అంచులు కత్తెరలా కోసే షేరింగ్ మెషినులో.

స్టెయిన్‌లెస్‌కి ఇనుము కోసిన గ్రైండింగు బిళ్ల వాడకూడదు. ఇనుప రజను అంటుకుని అక్కడే తుప్పు మొదలవుతుంది. కొత్త బిళ్లలు తెప్పించాను. అంచులు రుద్దాక కాగితం, ఫిల్ము కలిపి లాగితే ఒకేసారి ఊడొచ్చాయి. కింద రేకు అద్దంలా మెరుస్తోంది.

ఆగస్టు 16

రోలింగ్ రెండు గంటలు పట్టింది. చిన్న చాపం వైపు వెనక్కి పట్టి ఆపుతూ, పెద్ద చాపం వైపు తోస్తూ, చుక్కల జంట ఒక్కోటి రోలరు కిందికి వచ్చినప్పుడల్లా ఆపి సరిచూసుకుంటూ చుట్టారు. స్టెయిన్‌లెస్ ఇనుము కన్నా ఎక్కువ వెనక్కి లేస్తుంది, అందుకని రెండు విడతలు చుట్టారు.

అంచులు కలిశాయి. పైన సందు అర మి.మీ., కింద దానికన్నా తక్కువ. బాబాయ్ చేత్తో నొక్కి పట్టుకున్నాడు, ఆర్గాన్ మనిషి నాలుగు చోట్ల టాకులు, అంటే చిన్న తాత్కాలిక అతుకులు వేశాడు. పై మూతి లోపల నాలుగు వైపుల నుంచి కొలిస్తే 399, 401, 400, 400. సుత్తి ఎవరూ ఎత్తలేదు.

పెట్టె బెండింగ్ గంటలో అయిపోయింది. మూత పడింది.

ఆగస్టు 19

పొద్దున్నే మంగళగిరి మీదుగా గుంటూరు. మిల్లు గేటు దాటగానే ఘాటుకి కళ్లు మండాయి, తుమ్ములు ఆగలేదు. పాత సైక్లోన్ పై భాగం అలాగే ఉంచి దాని ఫ్లాంజికి, అంటే బోల్టులు పట్టే అంచు పట్టీకి, మా గరాటు బిగించాలి. ఫ్లాంజి బెజ్జాలు కూడా కాగితం మీదే గీసుకుని తెచ్చాను. ముందు ఆ కాగితాన్నే పాత ఫ్లాంజికి ఆనించి వెలుతురులో చూశాం. ఎనిమిదిలో ఏడు సరిపోయాయి, ఎనిమిదోది పాత ఫ్లాంజిలోనే మూడు మి.మీ. పక్కకి ఉంది. కాగితం మీద ఆ ఒక్కదాన్ని పెన్నుతో దిద్ది, అప్పుడే మా ఫ్లాంజికి బెజ్జాలు వేశాం. ఎనిమిది బోల్టులూ వేళ్లతోనే ఎక్కాయి.

మధ్యాహ్నం రెండింటికి మిల్లు నడిపారు. అరగంట తర్వాత కిటికీలోంచి చూస్తే పెట్టెలో ఎర్రగా పొడి కుప్ప. గరాటు మీద చెయ్యి పెట్టి చూశాను, ఎక్కడా వణుకు లేదు.

ఆగస్టు 20

ప్రింట్లన్నీ చుట్టి గొట్టంలో పెట్టి పైన తారీఖు, రేకు మందం, కొలత గీతల రీడింగు రాశాను. కాగితం ఎప్పటికైనా మారిపోతుంది కాబట్టి పల్చని జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు మీద కూడా గరాటు ఆకారం కోసి గోడకు తగిలించాం.

సాయంత్రం షెడ్డు మూసే ముందు బాబాయ్ సుద్దముక్క తీసుకుని నన్ను అంకెలు చెప్పమన్నాడు. రోలింగ్ మెషిను పక్క గోడ మీద ఆయనే రాసుకున్నాడు: పన్నెండు భాగాలకి లోటు, 300కి 11, 400కి 14, 600కి 21న్నర, 1000కి 36. కరెంటు లేనప్పుడు కావాలి కదమ్మా అన్నాడు.